రెండు రోజులు ఆలస్యమైన కాపీ పెట్టె

నీళ్ళ ఆఫీసులో ఫోన్లెత్తే మనిషి దొంగలతో బేరం కుదుర్చుకుని, కాపీ పెట్టెను రెండు రోజులు దాచిపెట్టి, ఊరందరి గొంతులూ ఎండబెట్టాడని ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. బేకరీ దగ్గర ఒకలా చెబుతారు, బస్టాపులో ఇంకోలా చెబుతారు. ఒకావిడైతే దొంగలు అతనికి కొత్త ఫ్రిజ్ కూడా కొనిచ్చారంది. అతనింట్లో ఉన్న ఒక్క పాత ఫ్రిజ్ తలుపు పడాలంటే కింద అట్టముక్క దూర్చాలి, కావాలంటే వెళ్ళి చూసి రావచ్చు. పెట్టె దాచిన మాట మాత్రం నిజమే. కానీ దాచింది అతను కాదు. ఎవరు దాచారో, ఎందుకు దాచారో మొదటినుంచీ వరసగా చెబితే తప్ప ఈ నోళ్ళు మూతపడేలా లేవు.

వీధిలో అతని పేరు ‘లైన్లో ఉండండి’. ఇరవై నాలుగేళ్ళుగా ఊరి నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుని, ఫోనెత్తిన ప్రతివాళ్ళకీ ఆ మాటే చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చి ఎవరైనా తలుపు తట్టినా లోపలినుంచి “ఒక్క నిమిషం, లైన్లో ఉండండి” అనే స్థితికి వచ్చాడు. యాభై రెండేళ్ళు. పెళ్ళి లేదు. నోట్లోంచి మాట రావాలంటే పక్కవాళ్ళు నాలుగు మాటలు లోపలికి వేయాలి.

అతనికి ఆరేళ్ళు పెద్దది అక్క. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుడుతుంది కాబట్టి అందరికీ టైలరమ్మ. భర్త పోయాక ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చిందా, తమ్ముడే వచ్చి ఆమె ఇంట్లో చేరాడా అన్న విషయం మీద ఇద్దరికీ ఇంతవరకూ రాజీ కుదరలేదు. టైలరమ్మకు ఒక నమ్మకం ఉంది. టేపు మెడ చుట్టూ వేసి కాస్త బిగిస్తే ఎంతటి మనిషైనా నిజం కక్కుతాడని. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరికి ఎవరితో పడటం లేదో ఆమె అలాగే రాబట్టింది. రాబట్టలేనిది ఒక్క తమ్ముడి దగ్గరే. చొక్కా కొలతలు పాతికేళ్ళ కిందటివే సరిపోతున్నాయి, ఇంక టేపు ఎక్కడ వేస్తుంది?

అసలు అనుమానం మొదలైంది శుక్రవారాలతో.

ప్రతి శుక్రవారం సాయంత్రం అతను ఆఫీసు నుంచి ఒక పెట్టె తెచ్చేవాడు. ఇటుకంత ఉంటుంది. నల్లటి సంచీలో చుట్టి, మీద రంగు టేపు అంటించి ఉంటుంది. ఒక శుక్రవారం ఎరుపు, ఇంకో శుక్రవారం పచ్చ, మరో శుక్రవారం పసుపు. పొద్దున పాతది పట్టుకెళ్ళి, సాయంత్రం ఇంకోటి తెచ్చి, తన గదిలో బీరువా మీద పాత సూట్‌కేసు వెనక్కి తోసేవాడు.

“అదేంట్రా?” అని అడిగింది మొదటిసారి.

“ఆఫీసు సామాను.”

“ఆఫీసు సామానుకి ఆఫీసులో చోటు లేదా?”

“ఉంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.”

ఇదీ అతని జవాబు. ఆరేళ్ళు ఆ జవాబుతోనే నెట్టుకొచ్చాడు. టైలరమ్మ ఊరుకుందా? అతను స్నానానికి వెళ్ళినప్పుడు స్టూలెక్కి దాన్ని దింపి చూసింది. చెవి దగ్గర పెట్టి ఊపింది. చప్పుడు లేదు. వాసన చూసింది. ఏమీ లేదు. ముందు నగలనుకుంది. తర్వాత ఉత్తరాలనుకుంది. తర్వాత ఎవరో ఆడమనిషి వ్యవహారమని తేల్చుకుని, ‘ఈ వయసులో వారానికో రంగా!’ అని రెండు నెలలు అతనితో పొడిపొడిగా మాట్లాడింది. అతనికి ఆ తేడా తెలియనే లేదు.

పెట్టె సంగతి ఇదీ. ఊళ్ళో ఏ వీధికి ఏ గంటకు నీళ్ళు వదలాలో, ఏ వాల్వు ఎంత తిప్పాలో, ఏ ట్యాంకులో ఎంత మట్టం ఉందో అన్నీ ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంటాయి. అవి చెడిపోతే తిరిగి నింపుకోవడానికి ప్రతి శుక్రవారం మొత్తం ఒక పెట్టెలోకి కాపీ తీస్తారు. పెట్టెలు మూడు. కొత్త కాపీ మెషిన్ గదిలో ఉంటుంది. కిందటి వారంది పెద్దాఫీసరు బీరువాలో. అంతకు ముందు వారంది ఆఫీసుకు బయట ఎక్కడైనా ఉండాలి, భవనం తగలబడినా అదొకటి మిగలాలి కదా. దాన్ని బ్యాంకు లాకర్లో పెట్టాలని రూలు. పెద్దాఫీసరుకు వారం వారం బ్యాంకు దాకా వెళ్ళడం బద్ధకం. “నువ్వు పక్క వీధిలోనే ఉంటావు కదయ్యా, నీ దగ్గర పెట్టు. ఎవరికీ చెప్పకు” అన్నాడు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఇతను ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దంటే సొంత అక్కకు కూడా చెప్పని రకం.

ఆ ఆదివారం పొద్దున కుళాయిలో నీళ్ళు రాలేదు. ఏడింటికి అతనికి ఫోనొచ్చింది. చొక్కా గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ పోయాడు. పదింటికల్లా పక్కింటి టీవీలో వార్త. కంటికి కనపడని దొంగలెవరో నీళ్ళ ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ లోపలినుంచి తాళం వేసేశారట, డబ్బు పంపితేనే తెరుస్తామని ప్రతి తెర మీదా రాశారట. టైలరమ్మ కిటికీ దగ్గర నిలబడి వింటోంది. చివర్లో టీవీ అబ్బాయి గొంతు తగ్గించి అన్నాడు: “లోపలి మనిషి సాయం లేకుండా ఇది జరగదని అధికారులు అనుమానిస్తున్నారు.”

ఆమె కళ్ళు వాటంతటవే తమ్ముడి గది వైపు తిరిగాయి.

స్టూలు వేసుకుంది. పసుపు టేపు పెట్టె. చేతిలో పట్టుకుంటే ఇంతకు ముందుకన్నా బరువుగా అనిపించింది. ‘ఆరేళ్ళు! ఆరేళ్ళనుంచీ కొంచెం కొంచెం మోసుకొస్తున్నాడు. ఏం మోశాడో, ఎవరికోసం మోశాడో. మాట్లాడని మనిషిని నమ్మకూడదని నాకు ముందే తెలుసు’ అనుకుంది. ఇంకో నిమిషానికి పోలీసులు వచ్చి ఇల్లంతా గాలించి, సూట్‌కేసు వెనక చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగడం కళ్ళకు కట్టింది. పెట్టెను గుడ్డముక్కల మూటలోకి అడుగుదాకా తోసి, మీద స్కూలు యూనిఫాం కత్తిరింపులు పోసి, మూటను మిషను కింద పెట్టి దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

తమ్ముడిని కాపాడుతున్నానే అనుకుంది. మనసులో మాత్రం అతన్ని అప్పటికే దొంగను చేసేసింది.

సోమవారం మధ్యాహ్నం అతను ఎప్పుడూ రాని వేళకు ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి పోయాడు. స్టూలు జరిగిన చప్పుడు. సూట్‌కేసు జరిగిన చప్పుడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత బీరువా తలుపులు, మంచం కింది ట్రంకు, పుస్తకాల అర, ఒక్కొక్కటీ మోత మొదలెట్టాయి. టైలరమ్మ మిషను గట్టిగా తొక్కసాగింది. కుట్టడానికి గుడ్డ లేదు, ఉత్త సూది ఆడుతోంది.

అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, నా గదిలోకి ఎవరైనా వచ్చారా?”

“నీ గదిలో ఏముందని వస్తారు?”

అతను ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది.

“ఏమీ లేదు,” అన్నాడు.

“మరి ఏమీ లేనిదాని కోసం ఇల్లంతా ఎందుకు తిరగేస్తున్నావు?”

“పెన్ను.”

“జేబులో ఉంది.”

అతను జేబు తడుముకుని, “అవును” అని వెళ్ళిపోయాడు.

పెట్టె ఏదక్కా అని ఒక్క మాట అడిగితే తీసి మొహాన కొట్టేది. ఆ పెట్టెలో ఏముందిరా అని ఆమె అడిగి ఉంటే, ఆ రోజు అతనూ చెప్పేసేవాడేమో. అతను పెట్టె పేరెత్తలేదు కాబట్టి తప్పు చేశాడని ఆమె ఖాయం చేసుకుంది. అతను లోపల ఏం ఖాయం చేసుకున్నాడో అప్పుడామెకు తెలియదు.

ఆ సాయంత్రం ఆరింటికి నీళ్ళొస్తాయని ఆఫీసు ప్రకటించింది. ఆరున్నరకి వీధంతా బకెట్లు. కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. మంగళవారం నాలుగింటికన్నారు. అదీ అంతే. పక్కింటి వదిన ఖాళీ బకెట్టు చంకన పెట్టుకుని గుమ్మంలోకే వచ్చింది.

“ఏం వదినా, మీ తమ్ముడు ఫోన్లో వస్తున్నాయి వస్తున్నాయి అంటాడు. నీళ్ళు కూడా లైన్లోనే ఉన్నాయా ఏంటి?”

“నన్నడుగుతావేం? నేనేమైనా పైపునా?”

“అది కాదు వదినా. లోపలి మనిషి అని టీవీలో అంటున్నారు. సోమవారం మధ్యాహ్నం మీవాడు పరుగున రావడం, పరుగున పోవడం మా పిల్ల చూసింది. ఊరికే అడుగుతున్నా.”

“మీ పిల్లకు బళ్ళో చదువు చెప్పరా, మా గుమ్మం కాపలా కాయమంటారా?”

వదిన నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. చీకటి పడేలోపు ఆ మాట బేకరీ దాకా చేరింది. తన అనుమానమే ఇంకొకళ్ళ నోట విన్నాక టైలరమ్మకు ఒళ్ళు మండింది. తను అనుకుంటే అనుకుంది, ఈవిడెవరు అనుకోవడానికి?

బుధవారం పొద్దున అతను చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. మెడలోని గుర్తింపు కార్డు తీసి, దాని తాడు చక్కగా చుట్టి బల్ల మీద పెట్టాడు.

“అదెందుకు తీశావు?” అంది టైలరమ్మ.

“ఇవాళ పెట్టె తేకపోతే అది అప్పజెప్పేసి వెళ్ళమన్నారు.”

“ఏ పెట్టె?”

అప్పుడు కూడా ఆమె నోట్లోంచి అదే వచ్చింది. అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అరబకెట్టు నీళ్ళుంటే తీసుకుని స్నానానికి పోయాడు. ఆ చుట్టిన తాడు వైపు చూస్తూ ఆమె ఒక్క నిమిషం కూర్చుంది. దొంగల మనిషైతే పెట్టె దొరకనందుకు ఉద్యోగం ఎందుకు పోతుంది? దొంగసొత్తును తెచ్చిమ్మని ఆఫీసు ఎందుకడుగుతుంది? మూడు రోజులుగా కుట్టుకుంటూ వచ్చిందంతా తప్పు మడత మీద కుట్టానని అప్పుడు తట్టింది. మూట విప్పి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, పెట్టె తీసి బీరువా మీద ఎక్కడిదక్కడ పెట్టేసి, వచ్చి మిషను దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు.

అతను బెల్టు కోసం గదిలోకి వెళ్ళాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు చంకలో నల్ల సంచీ ఉంది. పసుపు టేపుకు నీలం దారప్పోగొకటి అంటుకుని ఉంటే, గోటితో తీసి మిషను బల్ల మీద, ఆమె చేతి పక్కన పెట్టాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారానికి నీళ్ళొచ్చాయి. ఎలా వచ్చాయో మాత్రం తమ్ముడు చెప్పలేదు. నీళ్ళ ఆఫీసులో వాల్వులు తిప్పే మనిషొకడున్నాడు. అందరూ వాల్వుల బాబాయ్ అంటారు. ఆయన ఆదివారం ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి వచ్చాడు. టైలరమ్మ కావలసినదానికన్నా రెండంగుళాలు బిగించి టేపు పట్టుకుంది.

“చెప్పు. ఆఫీసులో ఏం జరిగింది?”

“ఊపిరాడటం లేదమ్మా!”

“చెబితే ఆడుతుంది.”

బాబాయ్ చెప్పాడు. నీళ్ళ ఆఫీసులో ఒకే గోడకి ఇటు మెషిన్ గది, అటు ప్రకటనల గది. ఇటువాళ్ళ పని పాడైన కంప్యూటర్లను మళ్ళీ నిలబెట్టడం. అటువాళ్ళ పని జనానికి జవాబు చెప్పడం, గొడవ ముదరకుండా చూడటం. ఎప్పుడైనా ఉపద్రవం వస్తే ఏం చేయాలో ఇద్దరికీ చెరొక లావుపాటి పుస్తకం ఉంది. ఆదివారం రెండు గదులవాళ్ళూ చెరొక పుస్తకం తెరిచారు. రెండింట్లోనూ మొదటి పని ఒకటే రాసి ఉంది: ‘పక్క గదికి కంప్యూటర్లో కబురు పంపి, జవాబు వచ్చాక ముందుకు వెళ్ళాలి’. కంప్యూటర్లేమో చచ్చి కూర్చున్నాయి. కబురు ఎలా పంపుతారు?

“నడిచి వెళ్ళి చెప్పొచ్చు కదా, మధ్యలో గోడే కదా!”

“పుస్తకంలో అలా రాయలేదమ్మా.”

మధ్యాహ్నం దాకా ఇటువాళ్ళు అటు కబురు కోసం, అటువాళ్ళు ఇటు కబురు కోసం కూర్చున్నారట. తర్వాత విసుగొచ్చి ఎవరి దారిన వాళ్ళు పోయారు. సోమవారం మెషిన్ గదివాళ్ళు కొత్త కాపీ ఉన్న ఎర్ర పెట్టె తగిలించారు. కంప్యూటర్లు లేచాయి. అద్దం తలుపులోంచి పచ్చ లైటు వెలగడం చూసి ప్రకటనల అధికారి, ఎవరినీ అడక్కుండా, ఆరింటికి నీళ్ళని ఊరంతా చెప్పేశాడు. అయిదుంబావుకి అన్నీ మళ్ళీ తాళం పడిపోయాయి. ఎర్ర పెట్టె కూడా పోయింది. మంగళవారం పచ్చ పెట్టె. మళ్ళీ లైటు, మళ్ళీ ప్రకటన, మళ్ళీ తాళం. అప్పటికి ఊళ్ళో మిగిలింది పసుపు పెట్టె ఒక్కటే. అది తెమ్మని సోమవారం నుంచీ ఇతని మీద కేకలు. ఇతను ఇంట్లో ఉంది, తెస్తాను అంటాడు, తేడు. ఎవరికైనా అనుమానం రాదా?

టైలరమ్మ చేతిలో టేపు కొంచెం సడలింది.

“బుధవారం తెచ్చాడు. వరండాలో అడుగు పెట్టగానే మెషిన్ గది పెద్ద ‘ఇలా ఇవ్వు’ అని చెయ్యి చాపాడు. ప్రకటనలాయన ‘ముందు నాకు చెప్పు, ఎన్నింటికని ప్రకటించను’ అని ఇంకో చెయ్యి. మీవాడు పెట్టె చంకలో బిగించుకుని బెంచీ మీద కూర్చుని, ‘లైన్లో ఉండండి’ అన్నాడు. నాకు నవ్వాగలేదు.”

పట్నం నుంచి వచ్చిన నిపుణురాలొకావిడ అప్పటికి అక్కడుంది. అందరూ కళ్ళజోడావిడ అనేవాళ్ళు. ఆవిడ అడిగిందట: “ఇదంతా ఆదివారమే మొదలైందని ఎవరు చెప్పారు? దొంగ అసలెప్పుడు లోపలికొచ్చాడు?” మెషిన్ గదిలో ఎవరికీ తెలియదు. ఇతను తన ఫిర్యాదుల పుస్తకం తీశాడు. ఆదివారానికి పన్నెండు రోజుల ముందు, మంగళవారం, అయిదుగురు ఫోన్ చేశారు. ఆఫీసు పేరుతో వేళకాని వేళ మెసేజ్ వచ్చింది, నొక్కితే ఏమీ రావడం లేదు అని. అయిదూ తన చేత్తో రాసి, పైకి పంపాడు. పైవాళ్ళు చదవలేదు. ఆఫీసు పంపని మెసేజ్ ఆఫీసు పేరుతో వెళ్ళిందంటే దొంగ లోపలికొచ్చింది ఆ రోజేనని కళ్ళజోడావిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎర్రది, పచ్చది రెండూ ఆ మంగళవారం తర్వాత తీసిన కాపీలు. దొంగ వాటిలో కూడా కూర్చుని ఉన్నాడు. పసుపుది అంతకు ముందుది. ఆ ఒక్కదాన్లోనే దొంగ లేడు.

“పెట్టెలు వీళ్ళ దగ్గర, తారీఖు ఫోన్ల దగ్గర. మూడు రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు చూడండి” అని ఆవిడ నెత్తి కొట్టుకుందట. వరండాలోనే ఒక పొడుగాటి బల్ల వేయించి ఇటు మెషిన్లవాళ్ళని, అటు ఫోన్లవాళ్ళని కూర్చోబెట్టింది. ఫోన్లవాళ్ళకి చెప్పకుండా ఒక్క తీగ తగిలించకూడదు. బాబాయ్ తన కళ్ళతో కుళాయిలో నీళ్ళు చూడకుండా ఊరికి ఒక్క గంట చెప్పకూడదు. మొట్టమొదట ఇతని చేతే ప్రకటన చదివించారు: ఇవాళ నీళ్ళు రావు, రేపటి సంగతి చెప్పలేం, ఫలానా వీధికి ఫలానా గంటకు ట్యాంకరు వస్తుంది. చిత్రంగా, ఆ రోజునుంచే తిట్టే ఫోన్లు తగ్గాయి. ఈలోగా ఇతనూ బాబాయీ గుర్తున్నంతవరకూ వాల్వుల పట్టిక కాగితం మీద రాశారు. పసుపు పెట్టెను నేరుగా వాడకుండా, దానికి ఇంకో కాపీ తీసి, కొత్త కంప్యూటర్లు తెప్పించి, ఒక్కొక్కటే నింపారు.

“ఇంకో మాట. ఆ పెట్టె సోమవారమే ఆఫీసుకు వచ్చుంటే ఎర్రదానితో పాటు అదీ పోయేదట. ఆలస్యమవడమే మేలైందని కళ్ళజోడావిడే అంది.”

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది. “ఇంకేం, మావాడికి దండ వేస్తారా?”

“వేసేవాళ్ళే! పెద్దాఫీసరు ఏమన్నాడో తెలుసా? ‘నా సలహా మీద కావాలనే ఆపి ఉంచానని రాసివ్వు’ అన్నాడు. రాసెయ్యవయ్యా, నీకు మెప్పు, ఆయనకు ప్రమోషన్, ఎవరి సొమ్మేం పోయింది అని నేనూ చెప్పాను. మీవాడు వినలేదు. ఒకే ఒక్క వాక్యం రాశాడు. ‘పెట్టె మా ఇంట్లోనే ఉంది, ఆలస్యానికి నేనే బాధ్యుణ్ణి’ అని. ఎందుకాలస్యమైందో రాయడు. మంచి పేరు ఇస్తామంటే వద్దనేవాడి దగ్గర ఏదో ఉందని ఇప్పుడు కమిటీకి అనుమానం. దొంగలతో బేరం తెగక రెండు రోజులు ఆపాడని ఒకాయన అన్నాడు. రేపు పదకొండింటికి తేల్చేస్తారు. కారణం చెప్పకపోతే ఉద్యోగం ఉండదమ్మా.”

టేపు ఆమె చేతిలోంచి జారిపోయింది. ప్యాంటు నడుం కొలత ఆమె ఆ రోజు రాసుకోనే లేదు.

ఆదివారం సాయంత్రమంతా ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. అతను పేపరు చదివాడు, ఆమె గుండీలు కుట్టింది. అడుగుదామనుకుంది. అడిగితే తను చేసింది ఒప్పుకోవాలి. అతనికి తెలుసా? దారప్పోగు తీసి పక్కన పెట్టాడంటే తెలిసే ఉండాలి. తెలిస్తే ఎందుకు చెప్పడు? రేపు కమిటీ ముందు చెప్పడానికి దాచుకున్నాడా? తన తమ్ముడి మీద ఆమెకు అనుమానం అప్పటికీ పూర్తిగా చావలేదు. సరిగ్గా ఎటువైపు అనుమానమో మాత్రం ఆమెకే తెలియడం లేదు.

సోమవారం పదిన్నరకల్లా, అతనితో చెప్పకుండా, పని చీర కూడా మార్చుకోకుండా ఆఫీసుకు పోయింది. వరండాలో ఆ పొడుగాటి బల్ల ఇంకా ఉంది. కళ్ళజోడావిడ ఒక్కతే కూర్చుని టీ తాగుతోంది.

“పెట్టె దాచింది నేను” అంది టైలరమ్మ, ఎదురుగా కుర్చీ లాక్కుని.

ఆవిడ కప్పు కింద పెట్టింది. “మీరెవరు?”

“అతని అక్కని. గుడ్డముక్కల మూటలో దాచాను. ఆదివారం పొద్దుటినుంచి బుధవారం పొద్దుటిదాకా. మావాడు వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నాను.”

“ఎందుకు దాచారు?”

“మావాడు దొంగేమోనని.”

“దొంగ అనుకుంటే పోలీసులకు చెప్పాలి కదా?”

“దొంగ అనుకుంటే దాచాలి కదా?”

కళ్ళజోడావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తెల్లకాగితం ముందుకు జరిపి, “ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయండి” అంది. టైలరమ్మ రాసింది. చదివింది అయిదో తరగతే కానీ అక్షరాలు కుట్లలా వరసగా ఉంటాయి.

కమిటీ గంటసేపు కూర్చుంది. ఒక పోలీసాయన వచ్చి, ఇంకోసారి ఇలాంటి పని చేస్తే బాగుండదని ఆమెను వరండాలో నలుగురూ చూస్తుండగా మందలించాడు. ఆమె ఎప్పుడూ లేనిది తల వంచుకుని విన్నది. ఆఫీసు సామాను కాగితం లేకుండా ఇంట్లో పెట్టుకున్నందుకు తమ్ముడికి హెచ్చరిక. కాగితం లేకుండా ఇచ్చినందుకు పెద్దాఫీసరుకూ హెచ్చరిక. దొంగ ఎలా వచ్చాడో కూడా ఆ గంటలోనే తేలింది. పైపుల కంపెనీ పేరుతో కంప్యూటర్లోకి వచ్చిన దొంగ ఉత్తరాన్ని పెద్దాఫీసరే స్వయంగా తెరిచాడు. ఈ సంగతి మాత్రం బేకరీ దగ్గర ఎవరూ చెప్పుకోరు. ఉద్యోగం నిలబడింది. ఆ శుక్రవారం నుంచి పెట్టె బ్యాంకుకే వెళ్తోంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. అతను గుర్తింపు కార్డు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. బేకరీ ముందు నలుగురు ఇటే చూస్తూ గొంతు తగ్గించారు. టైలరమ్మ వాళ్ళను దాటేదాకా ఆగి, మలుపు తిరిగాక రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

“ఒరేయ్. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. పెట్టె తీసింది నేనేనని నీకు తెలుసు. ఉద్యోగం ఊడుతుందన్నా నా పేరెందుకు చెప్పలేదు?”

అతను అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని తేల్చుకున్నాక అన్నాడు:

“తెలియడం సోమవారమే తెలిసింది అక్కా. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేను తీయలేదు. కాకపోతే ఎందుకు తీశావో తెలియలేదు. మంగళవారం సాయంత్రానికి నువ్వే దొంగల మనిషివని ఖాయం చేసుకున్నాను. అలాంటప్పుడు నీ పేరు ఎలా చెప్పమంటావు?”